చూపు వెంట కెమెరా

“సైకిల్‌కు కెమెరానా?”

సీసీ కెమెరాల దుకాణంలో కౌంటర్ వెనక కూర్చున్న అతను నవ్వాడు. పెద్దగా కాదు, పెదవి చివర రవ్వంత. ఆ రవ్వంత నవ్వుకే నాగరాణికి ఒళ్ళు మండింది.

“అవును భయ్యా, సైకిల్‌కే. ఏం, పెట్టరాదా?”

“పెట్టరాదని కాదు మేడమ్. సైకిల్‌ను ఎవలెత్కపోతరని?”

“సైకిల్ పోతదని కాదు. నేను పోతనని.”

అతని నవ్వు ఆగిపోయింది. అంతవరకు తుంపరగా పడుతున్న వాన సరిగ్గా అప్పుడే జోరందుకుంది. జహీరాబాద్ బస్టాండు ఎదుటి సందులో జనం పరుగెత్తి దుకాణాల రేకుల కిందికి చేరారు. విసురుగా వెళ్ళిపోదామనుకున్న నాగరాణి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“జర లోపలికి రాండ్రి, తడుస్తున్రు,” అన్నాడతను, స్టూలు మీది కేబుల్ చుట్టలు తీసేస్తూ. “నవ్వినందుకు ఏమనుకోకండ్రి. ఇంటి గేటుకు, దుకాణం షట్టరుకు అడిగేటోళ్ళే గానీ, సైకిల్‌కు అడిగింది మీరే ఫస్టు. ఏమైందో చెప్తే, ఏది పనికొస్తదో నేను చెప్త.”

మోచేతి మీద కట్టు సర్దుకుంటూ ఆమె చెప్పింది.

నాగరాణి ట్రాక్టర్ ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తుంది. గది నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి గదికి సైకిలే. ఈమధ్య ఒకనాడు డ్యూటీ దిగి వస్తుంటే, వెనక నుంచి ఒక కారు హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. ఆమె రోడ్డు పక్క మొరంలో పడింది. కారతను దిగి వచ్చి, చుట్టూ చేరిన నలుగురితో, “నేను తగల్లే. తనే బ్యాలెన్స్ తప్పి పడ్డది,” అన్నాడు. నలుగురూ తలూపారు. ఒక పెద్దాయన ఆమెను లేపి, సైకిల్ నిలబెట్టి, “హైవే మీద ఆడివిల్లకు సైకిల్ ఎందుకు బిడ్డా, ఆటోల పోరాదు?” అని ప్రేమగానే మందలించాడు.

“ఆ రోజు శాన కోపమొచ్చింది,” అంది నాగరాణి. “తెల్లారినంక అనుమానమొచ్చింది. నిజంగ కారు తగిలిందా, నేనే పడ్డనా అని. చూసినోళ్ళు ఎవ్వలు లేరు గద. అందరు గట్ల అంటుంటే నాక్కూడ గట్లనే అనిపించవట్టింది. దెబ్బ కన్న గదే బాధ.”

అతను తన పేరు ప్రేమ్‌సాగర్ అని, అందరూ సాగర్ అంటారని చెప్పి, అద్దాల బీరువా తెరిచాడు.

“ఇది బైకులకు పెట్టేది. మంచిగుంటది గానీ బండి బ్యాటరీ మీద నడుస్తది. మీ సైకిల్‌కు బ్యాటరీ ఏడిది? ఇది చిన్నది, అగ్గువ ధరది. పొద్దుగూకితే దీంట్ల నంబర్ ప్లేటు కనవడదు. నంబర్ కనవడకుంటే కెమెరా ఎందుకు?”

“మరి అది?”

“ఇది యాక్షన్ కెమెరా. వానకు ఏం కాదు. రోడ్డు కుదుపులకు బొమ్మ ఊగకుండ చూస్కుంటది. కార్డు నిండితే పాతది తుడుసుకుంట కొత్తది రికార్డ్ చేస్తది. కాకపోతే సైకిల్ మీద యాడ బిగించాల్నో నాకు సుత తెల్వదు. ఇది నా సొంతానిది, తీస్కపోయి వాడి చూడండ్రి. నచ్చితే అప్పుడు మీకు కొత్తది తెప్పిస్త.”

“తీస్కపోయి మళ్ళ రాకుంటే?”

“ఇది కెమెరాల దుకాణం మేడమ్. మీ మొకం ఇప్పటికే నాలుగు దిక్కుల నుంచి రికార్డైంది.”

నాగరాణికి నవ్వొచ్చింది. అతనికి కనిపించకుండా తల తిప్పుకుని వాన వైపు చూసింది.

*

నాగరాణిది మొగుడంపల్లి దగ్గర పల్లె. అక్క శ్వేత, తను ఒకేసారి ఫ్యాక్టరీలో చేరారు. అనంతమ్మ అనే ఆమె ఇంటి మేడ మీద ఒకే గదిలో అద్దెకు ఉన్నారు. రెండు సైకిళ్ళూ పక్కపక్కనే నడిచేవి. దారి పొడుగునా ముచ్చట్లే. లైన్ సూపర్‌వైజర్ నడక, అనంతమ్మ పూజగంట, అల్లం చేల వాసన, నిన్న రాత్రి కల, ఏదైనా సరే. వెనక లారీ హారన్ కొడితే ఒకరి వెనక ఒకరు సర్దుకోవడం, లారీ పోగానే మళ్ళీ పక్కపక్కకు చేరి ఆగిన చోటి నుంచే మాట అందుకోవడం.

అక్కకు బీదర్ సంబంధం కుదిరింది. పెళ్ళయింది. బాబు పుట్టాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే, “వాడు ఏడుస్తుండు, మళ్ళ చేస్త,” అంటుంది. మళ్ళీ చేసేసరికి నాగరాణి డ్యూటీలో ఉంటుంది.

ఫ్యాక్టరీలో మిషన్ల రొదకు చెవుల్లో దూది ఉండలు పెట్టుకోవాలి, మాటలకు వీలుండదు. ఇంట్లో అనంతమ్మకు వినికిడి తక్కువ, పెందలాడే పడుకుంటుంది. కొన్ని రోజుల్లో పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నాగరాణిని పేరు పెట్టి పిలవాల్సిన అవసరం ఎవరికీ రాదు. గదిలో గిన్నె కింద పడి చప్పుడైతే ఆ చప్పుడు ఆగేదాకా వింటూ కూర్చున్న రోజులూ ఉన్నాయి.

అందుకే ఆమెకు ఒక అలవాటైంది. సైకిల్ తొక్కుతున్నంతసేపూ ఎడమ పక్క ఖాళీ వైపు మాట్లాడుతుంది, అక్క ఉన్నట్టే. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

*

మొదట హ్యాండిల్‌కు బిగించింది. కార్డు తెచ్చి సాగర్ చేతికిస్తే, అతను కంప్యూటర్‌కు పెట్టి, “పేరేంది? ఫైల్ సేవ్ చేయాలె,” అన్నాడు.

“నాగరాణి.”

“నా… గ… రా… ణి.” టైప్ చేస్తూ ఒక్కొక్క అక్షరమే పైకి అన్నాడు. “ఆఁ నాగరాణి, చూద్దాం రాండ్రి.”

ఆ రోజంతటికీ ఆమె తన పేరు వినడం అదే మొదలు. స్టూలు ముందుకు జరుపుకుంది.

తెర మీద జహీరాబాద్‌కు భూకంపం వచ్చింది. బస్సులు గెంతాయి, బర్రెలు ఎగిరాయి, కరెంటు స్తంభాలు డాన్సాడాయి.

“ఊగకుండ చూస్కుంటదన్నరు?”

“రోడ్డును చూసి అది సుత భయపడ్డట్టుంది.”

ఈసారి ఆమె నవ్వు దాచుకోలేదు.

తర్వాత ఛాతీకి కట్టుకునే బెల్టు ఇచ్చాడు. ఆ వీడియోలో ముందుకు వంగినప్పుడల్లా సైకిల్ బెల్లు, ఆమె రెండు చేతులు తప్ప ఏమీ కనిపించలేదు. “బెల్లు మాత్రం ఎవ్వలు ఎత్కపోకుండ మంచి సాక్ష్యం,” అన్నాడు సాగర్. “మీరు జర సైలెంటుగ చూస్తే మంచిది,” అంది నాగరాణి. ఇద్దరి మధ్యా చాయ్ గ్లాసులు వచ్చాయి. అతని గ్లాసు చల్లారకముందే ఖాళీ, ఆమెది తొరక కట్టేదాకా నిండుగా.

“ఒక మాట చెప్పాల్నా?” అన్నాడు ఒక సాయంత్రం. “మీరు భయ్యా అనుడు బంద్ చేసిన్రు.”

“అన్ననా లేదా నాకు యాదికి లేదు.”

“నాకు యాదికుంది.”

వాన లేకపోయినా ఆమె బయటికి చూసింది.

చివరికి హెల్మెట్ మీద పెట్టి చూద్దామన్నాడు. “తల ఊగదు గద. మీరు ఎటు చూస్తే అటు రికార్డైతది.”

ఆ మాటలోని ప్రమాదం అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

*

కొన్నాళ్ళు వాడి కార్డు తెచ్చింది. బొమ్మ నిలకడగా ఉంది. లారీ వెనక నంబరు కూడా చదవగలిగేలా ఉంది. “ఇగ అయిపోయింది, ఇదే ఫైనల్,” అంటూ సాగర్ ముందుకు జరిపాడు.

పొద్దుటి రోడ్డు. పాల క్యాన్ల మోటార్ సైకిల్. ఆగిన ముంబై బస్సు. బస్టాండు ముందుకు రాగానే బొమ్మ మెల్లగా ఎడమకు తిరిగింది. సందులో మూసి ఉన్న ఒక షట్టర్ మీద నిలిచింది. ‘సాగర్ సీసీ కెమెరాస్’ అన్న బోర్డు తెర మధ్యకు వచ్చి, కనుమరుగయ్యేదాకా అక్కడే ఉంది.

మరుసటి పొద్దు కూడా అంతే. ఆ తర్వాతి పొద్దు షట్టర్ సగం లేచి ఉంది. ఒకతను ఊడుస్తున్నాడు. బొమ్మ అతని మీద అలాగే ఆగింది, ఎదురుగా వచ్చిన ఆటో గట్టిగా హారన్ కొట్టేదాకా.

నాగరాణి చెవులు వేడెక్కాయి. “ఆటో వస్తుండె… అందుకే అటు చూసిన.”

“ఆటో కుడి దిక్కు నుంచి వచ్చింది,” అన్నాడు సాగర్, చాలా నెమ్మదిగా.

అతను వీడియోను గబగబా ముందుకు తోశాడు. అది వెళ్ళి హైవే దాటే చోట ఆగింది. లారీల వరుస పోయేదాకా నాగరాణి అక్కడ నిలబడాలి. సైకిల్ ఆగితే గాలి హోరు ఉండదు. మాట స్పష్టంగా వినిపించింది.

“అక్కా, నిన్న సుత ఎవ్వలు మాట్లాడలే. ఫికర్ చెయ్యకు, ఇయ్యాల పొద్దుగూకంగ కెమెరా దుకాణానికి పోత. ఆయన నన్ను పేరు వెట్టి పిలుస్తడు. కెమెరా జల్ది కుదరకుంటే మంచిగుండు. కుదిరితే మళ్ళ యేం సాకు చెప్పి…”

సాగర్ వీడియో ఆపేశాడు.

అతను కార్డు బయటికి తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఆమె ముఖం చూడకుండానే, “హెల్మెట్ మీద వద్దు,” అన్నాడు. “హ్యాండిల్‌కే పెట్టుకోండ్రి. కింద రబ్బరు ముక్క ఏసి బిగిస్త, ఊగదు.”

నాగరాణికి అందులో వినిపించింది ఒక్కటే: ఇటు చూడొద్దు.

కొత్త కెమెరా వచ్చింది. అతను రబ్బరు వేసి బిగించాడు. ఆమె తలదించుకుని థాంక్స్ చెప్పింది. ఆ తర్వాత ఆమె బస్టాండు ముందు నుంచి వెళ్ళడం మానేసి, వెనక గల్లీల మీదుగా చుట్టూ తిరిగి హైవే ఎక్కడం మొదలుపెట్టింది. దారి పెరిగింది. మాట మాత్రం ఆగిపోయింది. మైకు వింటుందన్న భయంతో ఎడమ పక్క ఖాళీతో కూడా మాట్లాడలేకపోయింది. ఇప్పుడు ఆ ఖాళీ నిజంగానే ఖాళీ.

*

అలాంటి ఒక ముసురు పట్టిన పొద్దున ఎల్లమ్మ రోడ్డు దాటుతోంది.

ఎల్లమ్మ అల్లం చేలల్లో కూలికి వెళ్ళే మనిషి. తల మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని, చేతిలో సద్దిమూటతో, అటూ ఇటూ చూసుకునే అడుగేసింది. నాగరాణి కొంచెం వెనకే వస్తోంది. ఆమెను దాటిపోయిన తెల్ల కారొకటి ముందున్న బస్సును ఎడమ పక్క నుంచి దాటబోయి, రోడ్డు అంచుదాకా వచ్చి ఎల్లమ్మను కొట్టేసింది. ఒక్క క్షణం ఆగింది. ఆ వెంటనే వెళ్ళిపోయింది.

నాగరాణి సైకిల్ పడేసి పరుగెత్తింది. అంబులెన్సుకు ఫోన్ చేసింది. విరిగిన కాలు కదలకుండా తన చున్నీ కట్టి, ముసలామె తలను ఒళ్ళో పెట్టుకుంది. జనం చేరారు. ఎవరో అన్నారు, “ముసల్ది చూస్కోకుంట దాటినట్టుంది.” ఇంకెవరో తలూపారు.

“కాదు,” అంది నాగరాణి. “ఆమె చూసుకునే దాటింది. కారే తప్పు తొవ్వల వచ్చింది. నేను చూసిన. నా కెమెరా సుత చూసింది.”

ఎల్లమ్మను సర్కారు దవాఖానలో చేర్పించి, ఫ్యాక్టరీకి సెలవు చెప్పి, తడి బట్టల మీదే నేరుగా సాగర్ దుకాణానికి వెళ్ళింది.

“నంబరు కావాలె,” అంది. పొద్దున ఎల్లమ్మను కారు కొట్టేసిన సంగతి చెప్పి కార్డు చేతికిచ్చింది.

అతను కార్డు పెట్టి, ఆ క్షణం దగ్గర బొమ్మను మెల్లగా ఒక్కొక్కటే కదిలించాడు. లెన్సు మీద వాన చుక్క. వెనక ప్లేటు మీద బురద. చివరి అంకె తప్ప అన్నీ దొరికాయి.

“మూడా, ఎనిమిదా?” అన్నాడు సాగర్.

“ఎనిమిది అనిపిస్తుంది. కానీ అనిపిస్తే సరిపోదు. తప్పైతే కేసు ఇంకొకల మీద వడ్తది.” రోజంతా పార్టులు కొలిచి కొలిచి ఆమెకు అబ్బిన పట్టుదల అది. “ఈ కారు ఎటు పోయిందో చూడండ్రి. ముందర పెట్రోల్ బంకున్నది గద?”

సాగర్ చటుక్కున లేచాడు. “ఆ బంకుకు కెమెరాలు పెట్టింది నేనే!”

బంకు ఓనర్ రామ్‌కిషన్ విషయం వినగానే తన రికార్డింగ్ తెరిచి ముందు పెట్టాడు. అదే కారు, పగిలిన లైటు, శుభ్రమైన ముందు ప్లేటు. ఎనిమిదే.

రెండు వీడియోలూ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, ఎస్సై అడిగినవన్నీ చెప్పి బయటికి వచ్చేసరికి వాన తెరిపిచ్చింది. కాంపౌండు గోడ పక్కన సైకిల్ స్టాండు తీయబోతూ నాగరాణి ఆగింది.

“ఒకటి అడుగుత. హెల్మెట్ మీద వద్దని ఎందుకన్నరు? మీ దుకాణం దిక్కు చూడొద్దనే గద?”

సాగర్ నిర్ఘాంతపోయాడు. “మీరు గట్ల అనుకున్నరా?”

“మరెట్ల అనుకోవాలె?”

“అది మీరు మీ అక్కతోటి చెప్పుకునే మాట నాగరాణీ. నేను ఇనొద్దు. ఇన్న. ఇన్నంక దొంగతనం చేసినట్టనిపించింది, మీ మొకం చూడనీకె సిగ్గైంది. హ్యాండిల్ మీద ఉంటే అది రోడ్డునే చూస్తది, మీరు యాడ చూసినా ఎవలకు తెల్వదు, మీకు నామోషీ కాదు అనుకున్న. చెప్పుడు రాలే నాకు. గంతే.”

అతను గోడ మీది నాచును గోటితో గీకుతూ చెప్పాడు.

“చిన్నప్పటి సంది హాస్టళ్ళల్లనే పెరిగిన. ఇప్పుడు ఊరంత తిరుగుత. కెమెరా పనిచేస్తలేదంటే పోత, నిచ్చెనెక్కుత, బాగుచేస్త, వస్త. ఏ ఇంట్ల కూసొమ్మన్నోళ్ళు లేరు. మీరు వచ్చి స్టూలు మీద కూసుంటే, దుకాణం ఇల్లు లెక్క అనిపించేది. మీరు తొవ్వ మార్చినంక రోజూ పొద్దుగాల షట్టర్ లేపి గట్లనే నిలవడేటోణ్ణి.” ఒక్కసారి తలెత్తాడు. “మీరంటే నాకు ఇష్టం. గిది సుత ఎట్ల చెప్పాల్నో తెల్వదు.”

నాగరాణి గబుక్కున సైకిల్ స్టాండు తీసింది. “నేను… ఎల్లమ్మ తానికి పోవాలె,” అని సైకిలెక్కి, పెడల్ దొరక్క రెండుసార్లు తడబడి, వెళ్ళిపోయింది.

*

ఆదివారం దవాఖానలో ఎల్లమ్మ మంచం పక్కన నాగరాణి జొన్నరొట్టె తుంచి పెడుతుంటే, బ్రెడ్డు ప్యాకెట్ పట్టుకుని సాగర్ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

కారతను దొరికాడని, దవాఖాన ఖర్చు భరిస్తానన్నాడని ఎల్లమ్మకు అప్పటికే తెలిసింది. ఆమె దృష్టి ఇప్పుడు ఇంకో విషయం మీద ఉంది.

“ఈ పిలగాడు నీకేమైతడు బిడ్డా?”

“ఏం కాడు పెద్దమ్మా. నన్నడిగిండు. నేనింకా చెప్పలే.”

“ఎందుకు చెప్పలే? మంచోడు కాదా?”

“మంచోడే.”

“తాగుతడా?”

“చాయ్ తాగుతడు. శాన తాగుతడు.”

“మరింకేంది? నీకిష్టం లేదా?”

రొట్టె ముక్క నాగరాణి చేతిలో పొడి పొడి అయింది. “ఇష్టమే,” అంది, తల వంచుకుని.

“నాకు చెప్తే నేనేం చేసుకోను? వానికి చెప్పు!”

నాగరాణి తిరిగి సాగర్ వైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

“నాకు సుత మీరంటే ఇష్టం,” అంది. “పొద్దుగాల నా పక్కన సైకిల్ మీద ఫ్యాక్టరీ దాంక రాండ్రి. ముచ్చట చెప్పనీకె నాకొక మనిషి కావాలె.”

సాగర్ ముఖం వెలిగి, అంతలోనే పాలిపోయింది. “వస్త. కానీ…”

“కానీ?”

“నాకు సైకిల్ తొక్కరాదు.”

ఎల్లమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కాలి కట్టును రెండు చేతులా పట్టుకుని, “నవ్వియ్యకురా కొడుకా, కాలు గుంజుతుంది,” అంటూనే నవ్వింది. పక్క మంచాల వాళ్ళూ అందుకున్నారు.

ఆ సాయంత్రం నాగరాణి అక్కకు ఫోన్ చేసింది. వెనక బాబు ఏడుపు వినిపించింది. “మళ్ళ చెయ్యాల్నా అక్కా?” అంటే, “ఏడ్వనియ్ వాణ్ణి, నువ్వు మొత్తం చెప్పు,” అంది శ్వేత. మొత్తం విని, “మన ఇంట్ల నేను మాట్లాడత. ముందుగాల ఆయనకు సైకిల్ నేర్పియ్,” అంది.

ఆ తర్వాతి ఆదివారం మార్కెట్ యార్డులో బండ్లు లేవు. తడి నేల మీద సాగర్ నాగరాణి సైకిల్ ఎక్కి, రెండు మోకాళ్ళూ అటూ ఇటూ విసురుతూ తొక్కుతున్నాడు. ఆమె వెనక సీటు పట్టుకుని పరుగెడుతోంది.

“వదులుతున్నవా?”

“లేదు.”

“నిజంగ?”

“నిజంగ సాగర్. పట్టుకునే ఉన్న.”

హ్యాండిల్ తిన్నగా నడుస్తోంది. చక్రాలు ఊగడం లేదు. సీటు వదిలేసినా అతను హాయిగా వెళ్ళిపోతాడని నాగరాణికి తెలుస్తూనే ఉంది. అయినా వదల్లేదు. ఒగరుస్తూ, పక్కనే పరుగెడుతూ, ఆ పొద్దు లేచింది మొదలు తనకేమేం జరిగిందో అతనికి చెప్పడం మొదలుపెట్టింది.